హిల్టన్ హెడ్‌లో నీళ్ల మీదుగా కొట్టాలంటే

సౌత్ కరోలైనాలోని హిల్టన్ హెడ్ దీవిలో గోల్ఫ్ అంటే మడుగులతో పేచీయే. 1969లో కోర్సుల రూపకర్త పీట్ డై, గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లాస్‌తో కలిసి రూపొందించిన హార్బర్ టౌన్ గోల్ఫ్ కోర్సులో గ్రీన్లు (హోల్, జెండా ఉండే నున్నటి గడ్డి) చిన్నవి. 4, 14, 17 నంబర్ పార్-3లలో (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్స్) నీళ్లు కాచుకుని ఉంటాయి. 18వ హోల్‌లో ఎడమ పొడుగునా కాలిబోగీ సౌండ్ అనే సముద్రపు పాయ.

క్లబ్ (బంతి కొట్టే కర్ర) తీసేముందు రెండు దూరాలు తెలియాలి: జెండాకి ఎంత, నీళ్లు దాటడానికి ఎంత. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌తో జెండా ఒక్కటే చూసుకునేవాళ్లు అవతలి గట్టు సంగతి మరిచిపోతారు. గట్టు దూరానికి మరో 10 గజాలు కలపండి. మీ రోజువారీ దెబ్బకి అంత దూరం గాల్లో వెళ్లే క్లబ్ తీయండి, ఏడాదికోసారి తగిలే దెబ్బని లెక్కలోకి తీసుకోవద్దు. ఎదురుగాలి గంటకు 10 మైళ్లుంటే 150 గజాల షాట్‌ని 165గా లెక్కేయాలి. వెనకగాలి ఇచ్చేది అందులో సుమారు సగమే. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) చుట్టూ చెట్లుంటే గాలి ఒంటికి తెలియదు, చెట్ల చివర్లు చూడండి. ఉక్క గాలి బరువని, బంతిని ఆపేస్తుందని అనుకుంటారు గానీ తేమగాలి నిజానికి కాస్త తేలిక. కొంప ముంచేది చెమటకి జారే గ్రిప్. ఆరిన గ్లవ్ ఒకటి అదనంగా పెట్టుకోండి.

బంతి మునిగిందా, అది పడిన చోటు కాదు, పెనాల్టీ ఏరియా (గుంజలతో గుర్తించిన నీళ్ల భాగం) అంచుని చివరిసారి దాటిన చోటు గుర్తుపెట్టుకోండి. పసుపు గుంజలైతే ఒక స్ట్రోక్ (దెబ్బ) పెనాల్టీతో రెండే దారులు: మునుపు కొట్టిన చోటి నుంచే మళ్లీ కొట్టడం, లేదా జెండా నుంచి ఆ దాటిన చోటు మీదుగా గీత వెనక్కి పొడిగించి, నీళ్లకి వెనక ఆ గీత మీద ఎంత దూరానైనా డ్రాప్ చేయడం (బంతిని చేత్తో జారవిడవడం). ఎర్ర గుంజలైతే మూడోది కూడా ఉంది: దాటిన చోటుకి రెండు క్లబ్ పొడవుల లోపు, హోల్‌కి దగ్గర కాకుండా. కొలత పుటర్ (గ్రీన్ మీద వాడే క్లబ్) కాక మీ దగ్గరున్న పొడవైన క్లబ్‌తో, డ్రైవర్‌తో అయితే రెండు పొడవులూ కలిపి సుమారు ఏడున్నర అడుగులు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: బంతి అవతలి గట్టు మీద పడి వెనక్కి నీళ్లలోకి దొర్లుతుంది. ఎర్ర గుంజలుంటే అవతలే డ్రాప్‌కి చోటు దొరకొచ్చు. పసుపైతే మళ్లీ ఇవతలికే రావాలి. తెలియక గట్టు మీద డ్రాప్ చేసి కొట్టేస్తే తప్పు చోటు నుంచి ఆడినట్టు, స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే ఆటలో) మరో రెండు స్ట్రోకులు. డ్రాప్ మోకాలి ఎత్తు నుంచే. బంతి డ్రాప్‌కి అనుమతించిన చోటు దాటి దొర్లితే రెండోసారి వేయాలి. అప్పుడూ దొర్లితే, రెండో డ్రాప్‌లో మొదట నేలని తాకిన చోట పెట్టాలి.

ఈ మడుగుల్లో మొసళ్లుంటాయి. కనీసం 60 అడుగుల దూరంలో ఉండండి, మేత వేయడం చట్టవిరుద్ధం కూడా. గడ్డి మీది బంతి దగ్గర మొసలి ఉంటే ప్రమాదకర జంతువు నియమం కింద పెనాల్టీ లేకుండా డ్రాప్ దొరుకుతుంది. బంతి గుంజల లోపల ఉంటే మాత్రం ఉచిత డ్రాప్ లోపలే. బయటికి రావాలంటే ఆ ఒక్క స్ట్రోక్ తప్పదు.