ఎస్‌ఎంపీఎస్ కొనేముందు డబ్బా తిప్పి చూడండి

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు చూసి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) కొనొద్దు. పక్కకు తిప్పితే లేబుల్ ఉంటుంది. అందులో +12 వీ అనే గడి వెతకండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ కరెంటు లాక్కునేది అక్కణ్ణుంచే. ఆ గడిలోని ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు బలం బయటపడుతుంది. తిరుపతి కొర్లగుంటలో నా రిపేరు బల్ల మీదికి వచ్చే చవక డబ్బాల్లో కొన్నిటి మీద 450 వాట్లని ఉంటుంది, గడిలో చూస్తే 16 ఆంపియర్లు. అంటే 192 వాట్లు! మంచి 450 వాట్ల దాంట్లో 36 దాకా ఉంటాయి. 12వీ1, 12వీ2 అని రెండు గడులుంటే వాటిని కూడేయకండి, రెండిటికీ కలిపి రాసిన వాట్లే లెక్క.

మరి ఎన్ని వాట్లు కావాలి? ఐ5-12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు 115. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లకు ఓ 50 వేసుకోండి. మొత్తం 282. అయినా ఆ కార్డుకు దాని కంపెనీ ఎన్విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చెబుతుంది, ఎందుకంటే లోడు ఉన్నట్టుండి ఎగురుతుంది. 550 తీసుకోండి. "అన్నా, 750 వేసేద్దామా?" అని అడిగే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే, రేపు పెద్ద కార్డు కొనే ఉద్దేశం ఉంటేనే. కార్డు లేని ఆఫీసు కంప్యూటర్‌కి నిజాయితీ గల 400 చాలు.

మన వైపు ఇంతకంటే ముఖ్యమైనది ఇన్‌పుట్, అంటే ఎస్‌ఎంపీఎస్ లోపలికి తీసుకునే వోల్టేజీ. కొన్నిటి మీద 100–240 వోల్టులని, కొన్నిటి మీద 200–240 అని ఉంటుంది. చిత్తూరు పల్లెల్లో బోరు మోటార్లు ఆడే వేళ 230 రావాల్సింది 180కి దిగిందంటే, రెండో రకం ఎస్‌ఎంపీఎస్ కంప్యూటర్‌ను ఆపేసే అవకాశం ఉంది. పాపం, ఈ సంగతి తెలియనివాళ్లు విండోస్ మళ్లీ వేయిస్తారు, ర్యామ్ మారుస్తారు. కళ్లు మూసుకుని మొదటి రకమే కొనండి.

80 ప్లస్ అనేది తీసుకున్న కరెంటులో ఎంత శాతం వృథా కాకుండా కంప్యూటర్‌కు అందుతుందో చెప్పే ముద్ర. బ్రాంజ్ అయితే సగం లోడు దగ్గర దాదాపు 85 శాతం, గోల్డ్ అయితే 90. రోజంతా నడిపేవాళ్లకే గోల్డ్.

చవక యూపీఎస్ బ్యాటరీకి మారగానే కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు ఆగిపోతాయి. బిగించిన రోజే, ఫైళ్లన్నీ మూసేసి, యూపీఎస్ ప్లగ్ పీకి చూడండి. 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్లే మోస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? చాలాసార్లు తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు, సాకెట్‌కు ఎర్త్ లేక. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల అడాప్టర్ మాత్రం తగిలించకండి సామీ.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ దాకా పోయి తెచ్చుకునేవాళ్లు బిల్లు తీసుకోండి, దాని మీద సీరియల్ నంబరు రాయించండి. వారంటీ అడిగేటప్పుడు కావాల్సింది అదే.

ఇక కేబుళ్లు ఊడదీసే మాడ్యులర్ రకం. పాతదాని కేబుళ్లు కొత్తదానికి పెట్టొద్దు. హార్డ్‌డిస్క్ వైపు కొన ఒకేలా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో తీరు. తప్పు పిన్నులోంచి 12 వోల్టులు పోతే డిస్క్ కాలిపోతుంది, అందులోని పెళ్లి ఫొటోలతో సహా. పాత డబ్బా ఇచ్చేసేటప్పుడు దాని కేబుళ్లనూ దాంతోనే పంపేయండి.