చలికాలంలో పగిలే చర్మానికి సెరమైడ్ క్రీమ్ ఎలా వాడాలి?

డిసెంబర్ వచ్చిందంటే మా అనంతపురంలో మోకాలి కింద గోటితో గీస్తే చాలు, పలక మీద బలపంతో రాసినట్టు తెల్ల గీత పడుతుంది. మా అవ్వకైతే గీతలు కాదు, ఎండిన చెరువులో లాగా నెర్రెలే. రోజూ శెనక్కాయ నూనె పట్టించేది, అయినా దురద తగ్గేది కాదు. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

చర్మం పై పొర ఇటుక గోడ లాంటిది. చనిపోయిన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య అడుసులా ఉండేది కొవ్వు. అందులో దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, ఆ తర్వాత ఫ్యాటీ ఆసిడ్లు. ఈ అడుసు రాలిపోతే లోపలి తడి బయటికి పోతుంది, సబ్బూ దుమ్మూ లోపలికి దిగి మంట పెడతాయి. శెనక్కాయ నూనెలో ఎక్కువగా ఉండే ఓలిక్ ఆసిడ్ ఈ కొవ్వు అమరికను ఇంకా వదులు చేస్తుంది.

ముందుగా, చర్మంలో ఉన్న కొవ్వును కాపాడుకోండి. చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5 దగ్గర ఉంటే మామూలు సబ్బుది 9, 10. పైగా మన బోరు నీళ్లు, మగ్గు అంచున తెల్లగా పేరుకునే రకం, సబ్బును సరిగ్గా వదలనివ్వవు. పొగలు కక్కే నీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకే.

క్రీమ్ కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి. సెరమైడ్ ఎన్‌పీ, ఏపీ, ఈఓపీ లాంటి పేర్లతో పాటు కొలెస్ట్రాల్, ఫ్యాటీ ఆసిడ్ కూడా ఉన్నది తీసుకోండి. దెబ్బతిన్న చర్మానికి వీటిలో ఒక్కటే రాస్తే కోలుకోవడం ఆలస్యమైందనీ, మూడూ సరైన పాళ్లలో కలిపితే త్వరగా కోలుకుందనీ పరిశోధనల్లో తేలింది. కొలెస్ట్రాల్ అని చూసి టెన్షన్ పడకండి, అది చర్మం తనంతట తాను తయారు చేసుకునేదే. సువాసన కలిపినవి మాత్రం వదిలేయండి.

స్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటి మీద తడి ఇంకా ఉండగానే రాయాలి. చూపుడువేలి చివరి కణుపు పొడవున తీసిన క్రీమ్ రెండు అరచేతులంత చోటుకు వస్తుంది. పొద్దున, రాత్రి. మడమల పగుళ్లకైతే దాని మీద వాజిలిన్ కూడా రాసి సాక్సులు వేసుకోండి.

దురద కొన్ని రోజుల్లోనే తగ్గొచ్చు, కానీ పై పొర మారడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో ఆపకండి. పగుళ్ల నుంచి రసి కారుతున్నా, దురదకు రాత్రి నిద్ర పట్టకపోయినా క్రీమ్‌తో రోజులు నెట్టకుండా చర్మ డాక్టరుకు చూపించండి.