కొత్త బాల్ జాయింట్లు వేయించాక స్టీరింగ్ బిగుసుకుందా? ఇలా చేయండి

బాల్ జాయింట్లు (ముందు చక్రాలు తిరిగేలా, కదిలేలా వాటిని బండికి కలిపే గుండు కీళ్లు) మార్పించి బండి ఇంటికి తెస్తుంటే మొదటి మలుపులోనే తెలిసిపోతుంది. స్టీరింగ్ తిరుగుతుంది గానీ, వదిలితే తనంతట తాను వెనక్కి రాదు. నా పాత కారుకు ఇలాగే అయితే టెన్షన్ పడి మళ్లీ షెడ్డుకే వెళ్లాను. "నట్టు అర చుట్టు వదులు చేస్తే సరిపోద్ది సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. ఆ పని మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి.

బిగువు ఉండేది నట్టు దగ్గర కాదు, జాయింటు గిన్నె లోపల. అక్కడ ఉక్కు గుండును లైనరు (గిన్నె లోపలి పొర) గట్టిగా పట్టుకొని ఉంటుంది. బయటి నట్టు పని ఆ గుండుకున్న కాడ, అంటే దాని కడ్డీ, కదలకుండా చూడటమే. అది వదులైతే స్టీరింగ్ తేలిక కాదు. కాడ ఊగి ఊగి ఒకరోజు ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది. స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డంగా గుచ్చే పిన్ను) రంధ్రం కలవకపోయినా నట్టును వెనక్కి తిప్పకూడదు, ఇంకాస్త బిగించి తర్వాతి గాడికి కలపాలి.

ముందు టైర్లలో గాలి చూడండి. నవ్వకండి, కొన్ని ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

తర్వాత ముందు చక్రాలు రెండూ జాకీతో లేపి, బండిని స్టాండ్ల మీద నిలపండి. ఒట్టి జాకీని నమ్మి కింద దూరొద్దు. స్టీరింగ్ లాక్ తీసి, చక్రాన్ని చేత్తో పట్టుకొని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ముదిరిన పాకంలో గరిటె తిప్పినట్టు అంతటా ఒకేలా బరువుగా ఉంటే అది కొత్త జాయింటు బిగువే కావచ్చు. మధ్యలో ఎక్కడో పట్టేసి టక్కున వదిలితే వేరే తేడా ఉన్నట్టు. అప్పుడు టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీలు చక్రాలకు కలిసే కొసలు) విప్పించి ఒక్కో చక్రాన్ని విడిగా తిప్పించండి. చక్రాలు తేలిగ్గా తిరిగితే లోపం స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) వైపు ఉంది. ఒక పక్కే పట్టేస్తే ఆ పక్క జాయింటునో, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైనుండే బేరింగునో అనుమానించాలి.

జాయింటుకు గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉంటే నెమ్మదిగా కొట్టించి, రబ్బరు బూటు కాస్త ఉబ్బగానే ఆపించండి. నిపుల్ లేని సీల్డ్ జాయింటుకు సూదితో బూటు గుచ్చి గ్రీజు ఎక్కించేవాళ్లున్నారు. ఆ చిల్లులోంచి వాననీళ్లు, దుమ్ము వెళ్తాయి.

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చేయి) కూడా విప్పి ఉంటే ఒక ప్రశ్న అడగండి: దాని బుష్ (రబ్బరు తొడుగు) బోల్టులు చివరగా బిగించింది బండి నేల మీద ఉన్నప్పుడేనా? గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) ఎలాగూ చేయించాలి. క్యాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలి ఉండే కోణం) తగ్గినా స్టీరింగ్ వెనక్కి రాదు కాబట్టి కాగితం మీద ఆ అంకె కూడా చూడండి.

ఇక కొత్త జాయింటును అలవాటు చేయడం. ఖాళీ మైదానంలో నడక వేగంతో పోతూ స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ 15-20 సార్లు తిప్పండి. బండి ఆపి ఉంచి తిప్పొద్దు, చివరిదాకా తిప్పి అక్కడే పట్టి ఉంచొద్దు. తర్వాత కొన్ని రోజులు ఊళ్లోనే నడపండి. మలుపులు ఎక్కువుంటే జాయింటు త్వరగా దారికొస్తుంది. హైవే మీద మాత్రం బండి ఒక పక్కకు మళ్లితే అటే పోతుంటుంది, చేత్తో సరిచేస్తూ ఉండాలి. వేగం తగ్గించుకోండి.

వారానికోసారి అదే మైదానంలో నెమ్మదిగా మలుపు తిప్పి, పట్టు సడలించి స్టీరింగ్ ఎంత వెనక్కి వస్తోందో చూడండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగినా మార్పు లేకపోతే బిల్లు పట్టుకొని వేసినవాళ్ల దగ్గరికే వెళ్లండి.