పాత పాటల పెట్టె – మూడో పాఠం: ఒక వస్తువు కాదు, నాలుగు

రెండో పాఠం చివర ఒక పని చెప్పాను. అటక మీది టేపురికార్డరునో, గూట్లో మూలపడ్డ స్టీరియోనో కిందికి దించి, దుమ్ము తుడిచి, సెల్లులు పెట్టే అర తెరిచి చూడమన్నాను. లోపల సెల్లులు పొంగి పూత కట్టి ఉంటే తీసి పారేసి, స్ప్రింగులు శుభ్రం చేసి ఉంటారు. ఇవాళ్టికి ఆ తయారీ చాలు. ప్లగ్గు మాత్రం ఇంకా పెట్టొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న. దీన్ని బాగుచేయించాలా, ఉన్నదున్నట్టు దాచుకోవాలా, ఎవరికైనా ఇచ్చేయాలా, పాత సామాన్ల బండికి వేసేయాలా? చాలా ఇళ్లలో ఈ నిర్ణయం సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు రెండు నిమిషాల్లో జరిగిపోతుంది. "అది పాడైపోయింది" అనే ఒక్క మాట చాలు. కానీ టూ-ఇన్-వన్ (రేడియో, టేపు కలిసిన సెట్టు) ఒక వస్తువు కాదు, ఒకే డబ్బాలో కాపురం ఉంటున్న నాలుగు వస్తువులు. కరెంటు ఇచ్చే భాగం ఒకటి. పాటను అందుకునే భాగం, అంటే టేపో రేడియోనో సీడీనో, రెండోది. ఆ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయరు మూడోది. వినిపించే స్పీకరు నాలుగోది. వరద నీళ్లలో మునిగితే తప్ప నాలుగూ ఒక్కసారిగా పోవడం నేను చూడలేదు. పోయింది ఏదో తెలిస్తే, ఏం చేయాలన్నది ముప్పాతిక వంతు తేలిపోతుంది. ఇవాళ నేర్చుకునేది అలా విడదీసి చూడటమే.

ముందు క్యాసెట్టు బయటికి

మా మేనమామ 1985లో మస్కట్ నుంచి వస్తూ జపాన్ టూ-ఇన్-వన్ ఒకటి తెచ్చాడు. కోనసీమలోనూ కడప, కరీంనగర్ వైపూ గల్ఫ్ వెళ్లొచ్చిన మనిషి ఉన్న ఇంటికి అప్పట్లో అదొక ఆనవాలు. ఆ పండక్కి అమ్మమ్మను ఎదురుగా కూర్చోబెట్టి గొబ్బిపాటలు పాడించి రికార్డు చేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత టేపు తిరగడం మానేస్తే, దాన్ని పట్నంలో ఒక షాపులో ఇచ్చింది నేనే. క్యాసెట్టు లోపల ఇరుక్కుని ఉండగానే ఇచ్చాను. సెట్టు బాగై వచ్చింది, క్యాసెట్టు రాలేదు. అడిగితే "లోపల ఏమీ లేదండీ" అన్నారు. ఆ సెట్టు ఇప్పటికీ మా ఇంట్లో చక్కగా పాడుతోంది. అమ్మమ్మ గొంతు మాత్రం మాకు మిగల్లేదు.

అందుకని మొదటి మెట్టు సెట్టు గురించి కాదు. మళ్లీ కొనలేనిది లోపల ఏదైనా ఉంటే అది ముందు మీ చేతికి రావాలి.

తలుపు తెరుచుకోకపోతే స్క్రూడ్రైవరు పెట్టి పెకలించకండి. చాలా సెట్లలో తలుపు ముందుండే ప్లాస్టిక్ మూతను పైకి జరిపితే ఊడి వస్తుంది. అప్పుడు లోపల రబ్బరు చక్రం, దాన్ని ఆనుకుని సన్నని ఇనుప కడ్డీ కనిపిస్తాయి. టేపు నూటికి తొంభైసార్లు అక్కడే చుట్టుకుని ఉంటుంది. వెనక మూత తీస్తే ఆ కడ్డీకి అవతలి కొసన బరువైన చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని వేలితో వెనక్కి కొంచెం కొంచెంగా తిప్పుతూ, వదులైన టేపును మెల్లగా బయటికి తీసుకుంటూ రండి. గుంజితే టేపు సాగుతుంది, సాగిన చోట పాట మళ్లీ సరిగా రాదు.

ఎంతకీ రాకపోతే కత్తెరతో కోసేయండి. చాలామంది ఇక్కడే భయపడతారు, భయం అక్కర్లేదు. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఐదు సెంటీమీటర్ల ముక్క పోయినా పోయేది ఒక్క సెకను పాట. అతికించడానికి మామూలు సెల్లోటేపు మాత్రం వాడొద్దు. దాని జిగురు ఎండకు కరిగి పక్క చుట్టకు అంటుకుంటుంది. టేపు అతికించడానికే వేరే పట్టీ దొరుకుతుంది, అది తెచ్చేదాకా కోసిన కొసలు అలాగే ఉండనివ్వండి.

క్యాసెట్టు పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి కదా, వాటిని విరిచేయండి. ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా అది దిగదు. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తోందా? అయితే ఏ సెట్టులోనూ పెట్టకండి. ఆ బూజు హెడ్‌కు, అంటే టేపు మీది పాటను చదివే ముక్కకు, అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. మన కోస్తా తేమకు ఇది చాలా మామూలు. శుభ్రం చేసే పద్ధతి వేరే పాఠంలో చెబుతాను.

కరెంటు

పెద్ద సెల్లులు కొత్తవి తెచ్చి వేయండి. ఆరు పట్టే సెట్టయితే 9 వోల్టులు, ఎనిమిది పట్టేదయితే 12. సెల్లుల మీద పాడుతూ ప్లగ్గు పెడితే మూగబోయే సెట్టుకు జబ్బు వైరులోనో, ట్రాన్స్‌ఫార్మరులోనో, దాని పక్కనున్న డయోడ్లలోనో ఉంది. తక్కువ ఖర్చుతో పోయే జబ్బు, తప్పకుండా బాగుచేయించండి. పాట వెనక జుమ్మని ఒకటే మోత వస్తుంటే, కరెంటును నిలవ ఉంచి సమం చేసే కండెన్సరు ఎండిపోయినట్టే. దానికీ అంతే.

ప్లగ్గు పెట్టేముందు వెనక రాసి ఉన్న వోల్టేజీ చదవండి. గల్ఫ్ నుంచి వచ్చిన సెట్లకు తరచు 110, 220 మార్చుకునే మీట ఉంటుంది, అది 220 వైపే ఉండాలి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చినవి అక్కడి 120 వోల్టులకు చేసినవి. ఇక్కడి 230లో నేరుగా పెడితే ఆ క్షణమే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. వోల్టేజీ దించే ట్రాన్స్‌ఫార్మరు కొంటే ఆ గొడవ తీరుతుంది. కానీ అక్కడి కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50 సార్లు. ఆ ఊపునే నమ్ముకుని తిరిగే ఏసీ మోటారున్న రికార్డు ప్లేయరు, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సింది ఇక్కడ 28 దగ్గరే ఆగుతుంది. పాట ఈడుస్తుంది. అలాంటిది కొనే ముందు, మోసుకొచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి.

వాల్వు రేడియోను మాత్రం ఈ పాఠం చదివి ముట్టుకోవద్దు. లోపల రెండు వందల వోల్టులకు పైన ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. ఏళ్ల తరబడి ఆగిన దాన్ని "పాడుతుందేమో" అని ఒక్కసారి పెట్టి చూడటం కూడా దానికి ప్రమాదమే. తెలిసిన మనిషి దొరికేదాకా పొడిచోట ఉంచండి.

స్పీకరు, ఆంప్లిఫయరు

స్పీకరు పరీక్ష అన్నిటికన్నా తేలిక. వైర్లు విడదీసి ఒక 1.5 వోల్టుల సెల్లుకు క్షణం తాకించండి. టక్కున చప్పుడై కోన్ (ముందు కనిపించే గరాటు లాంటి భాగం) కదిలితే లోపలి కాయిల్ బతికే ఉంది. మల్టీమీటర్ ఉంటే 8 ఓమ్‌ల స్పీకరు ఆరు, ఏడు దగ్గర చూపిస్తుంది. 4 ఓమ్‌లది మూడూ మూడున్నర చూపిస్తుంది. తక్కువ చూపించిందని కంగారు పడొద్దు, అది అంతే.

కోన్ చుట్టూ ఉన్న అంచును వేలితో మెత్తగా తాకి చూడండి. స్పాంజి లాంటి ఫోమ్ అయితే వయసుకు పొడిపొడిగా రాలుతుంది. అది చూసి స్పీకరే పోయిందనుకుని పారేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ. పోయింది అంచు మాత్రమే, దాన్ని కొత్తగా అతికిస్తారు. మైకుసెట్ల వాళ్లను అడిగితే రీకోనింగ్, అంటే కోన్, అంచు మార్చే పని, చేసేవాళ్లు ఎక్కడున్నారో చెబుతారు. గుడ్డ అంచులకు ఈ జబ్బు లేదు.

డీవీడీ హోమ్ థియేటరు చిన్న స్పీకర్లతో ఒక జాగ్రత్త. వాటిలో కొన్ని 3 ఓమ్‌లవి. వాటిని తీసి 8 ఓమ్‌ల కోసం చేసిన ఆంప్లిఫయరుకు తగిలిస్తే దాని మీద భారం పడి వేడెక్కుతుంది. వెనక అంకె చదివాకే తగిలించండి.

ఆంప్లిఫయరులో వాల్యూమ్ తిప్పితే కరకరమంటే అది జబ్బే కాదు, మురికి. కాంటాక్టు క్లీనరు ఒక చిమ్ము చిమ్మి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే పోతుంది. పూర్తిగా మూగబోయి ఐసీ (శబ్దాన్ని పెంచే చిప్పు) పోయిందని తేలితే, ఆ ఐసీ పేరు రాసుకోండి. ఎల్‌ఏ4440 లాంటివి ఊరూరా దొరుకుతాయి, వేయించుకోండి. పాత స్టీరియోల్లోని పెద్ద ఎస్‌టీకే ఐసీలకు నకిలీలు చాలా ఉన్నాయి. ఒకసారి డబ్బు పోసి వేయించింది నెల తిరక్కుండా పోయింది. అప్పటినుంచి, పాత బోర్డు నుంచి తీసిన అసలుది దొరికితే తప్ప ఎస్‌టీకే జోలికి వెళ్లను. అలాంటప్పుడు ఆంప్లిఫయరును వదిలేసి స్పీకర్లను ఉంచుకోవడమే నా సలహా.

పాటను అందుకునే భాగం

పాడయ్యేదీ, పాతబడేదీ ఎక్కువగా ఇదే. ఈ రెండూ వేరువేరు. పాడైతే బాగుచేస్తాం. పాతబడటమంటే అది బాగానే ఉంది, దానికి అందించడానికి మన దగ్గర ఏమీ లేదు.

టేపు భాగంలో నూటికి ఎనభై కేసులు బెల్టులే. రబ్బరు సాగుతుంది, లేదంటే కరిగి తారులా అంటుకుంటుంది. గొంతు లావెక్కి పాట సాగుతుంటే బెల్టు జారుతోంది. పాట వేగం బాగుండి గొంతు దుప్పటి కప్పుకున్నట్టు మందంగా వస్తుంటే హెడ్ మురికి. కరిగిన బెల్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలు, దూదితో తుడవండి, చేతికి అంటితే ఒక పట్టాన వదలదు. కొత్త బెల్టు కొలతకు దారం చక్రాల చుట్టూ తిప్పి పొడవు చూసి, అందులో ఐదు శాతం తగ్గించి అడగండి. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు ఇలాంటివాటికి పేరున్న చోట్లు. పాత బెల్టు ముక్క, సెట్టు మోడల్ నంబరు వెంట పట్టుకెళ్లండి.

రేడియో పలకడం లేదంటే ముందు అక్కడ స్టేషను ఉందో లేదో చూడండి. ఆకాశవాణి షార్ట్‌వేవ్, మీడియంవేవ్ ప్రసారాలు చాలాచోట్ల ఆగిపోయాయి. మీడియంవేవ్‌లో ఒకటే రొద వస్తుంటే ఇంట్లోని ఎల్ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు కారణం కావచ్చు. మెయిన్ ఆపి, సెల్లుల మీద, రాత్రిపూట పెట్టి చూడండి. ఎఫ్‌ఎం అయితే హైదరాబాదులో 102.8 మీద వివిధభారతి ఉంది, దానితో పరీక్షించండి. జపాన్‌లో వాడకానికే చేసిన కొన్ని సెట్ల ఎఫ్‌ఎం 76 నుంచి 90 దాకే ఉంటుంది. అందులో మన స్టేషన్లు రాకపోవడం జబ్బు కాదు.

ఇక టేపు అక్కర్లేదు, సీడీలు లేవు, కానీ ఆంప్లిఫయరూ స్పీకర్లూ బంగారంలా ఉన్నాయి. ఇలాంటి సెట్టును పాత సామాన్లకు వేయడం నాకు మింగుడుపడదు. వెనక ఆక్స్ (బయటి పాటను అందుకునే సాకెట్టు) అని రాసి ఉంటే ఒక వైరుతో ఫోను తగిలించండి, ఈనాటి చిన్న బ్లూటూత్ డబ్బాలకు రాని నిండుదనం అందులో వినిపిస్తుంది. ఆక్స్ లేకపోయినా టేపు తిరుగుతుంటే క్యాసెట్టు ఆకారంలో, తోకలా వైరున్న అడాప్టరు వస్తుంది. అదీ కాకపోతే మెకానిక్ చేత చిన్న బ్లూటూత్ బోర్డు పెట్టించండి. దానికి కరెంటు అదే ట్రాన్స్‌ఫార్మరు నుంచి లాగితే రొద వస్తుంటుంది, వేరే ఫోను ఛార్జరు నుంచి ఇవ్వమనండి. కొత్త టీవీకి ఆప్టికల్ సాకెట్టే ఉండి, స్టీరియోకు ఎరుపు తెలుపు పిన్నులే ఉంటే, ఆ రెంటినీ కలిపే చిన్న డబ్బా దొరుకుతుంది. టీవీ సెట్టింగుల్లో శబ్దాన్ని పీసీఎంకు (కుదించని డిజిటల్ శబ్దానికి) మార్చడం మరిచిపోతే ఏమీ వినిపించకపోవచ్చు.

వదిలేయాల్సి వస్తే

నేను రెండే చూస్తాను. పోయిన భాగం దొరుకుతుందా? బాగయ్యాక ఇంట్లో ఎవరైనా దాన్ని వారానికి ఒక్కసారైనా వింటారా? రెండోదానికి జవాబు వినరనే అయితే మొదటిదాని కోసం తిరగొద్దు. అది వినే మనిషి ఎక్కడో ఉంటాడు, పలికే సెట్టును అతనికి ఇవ్వండి. పలకనిదాన్ని పాతవి బాగుచేసే మెకానిక్‌కు ఇవ్వండి. దాని మోటారు, హెడ్, నాబులు ఇంకో పది సెట్లకు ప్రాణం పోస్తాయి.

మెకానిక్ కూడా వద్దన్నది మిగిలితే, అది ఈ-వ్యర్థం. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రేడియో సెట్లు, ఆంప్లిఫయర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లరుకే అప్పజెప్పండి. వీధి బండికి వేస్తే చివరికి రాగి కోసం ఎక్కడో ఖాళీ స్థలంలో వైర్లు తగలబెడతారు. ఆ పొగ పీల్చేది ఆ పని చేసే పిల్లలు. పాత సాల్డరింగులో సీసం కూడా ఉంటుంది.

ఈ వారం పని

ఒక కాగితం మీద కరెంటు, అందుకునే భాగం, ఆంప్లిఫయరు, స్పీకరు అని నాలుగు గళ్లు గీయండి. ఒక్కో గడిలో ఏం పరీక్ష చేశారో, ఏం వినిపించిందో రాయండి. "పాడైంది" అనే మాట మాత్రం ఏ గడిలోనూ రాయకండి. టక్కుమందా, జుమ్మందా, సాగిందా, మూగగా ఉందా, అది రాయండి. మెకానిక్ దగ్గరికి ఆ కాగితంతోనే వెళ్లండి.

నాలుగో పాఠంలో క్యాసెట్టు పాటలను కంప్యూటరులోకి దించుకుందాం. రెండు కొసలా 3.5 మిల్లీమీటర్ల పిన్నున్న వైరు ఒకటి తెచ్చుకోండి. గంట క్యాసెట్టుకు, సీడీ నాణ్యతలో ఏమీ కుదించకుండా దాస్తే 635 ఎంబీ దాకా పడుతుంది, ఆ చోటు ఖాళీ చేసుకోండి. మొదట దించేది ఇంట్లోవాళ్ల గొంతులున్న క్యాసెట్టునే, దాన్ని ఇప్పుడే విడిగా తీసి పక్కన పెట్టండి.