199 పెద్దదా, 201 పెద్దదా? పిల్లలకు స్థాన విలువతో సంఖ్యలు పోల్చడం నేర్పేదెలా?

199, 201లో ఏది పెద్దదని రెండో తరగతి పిల్లల్ని అడిగితే కొందరు తడుముకోకుండా 199 అంటారు. అందులో రెండు తొమ్మిదులు ఉన్నాయి కదా మరి! అప్పుడు తప్పు అని కొట్టేసి సరైన జవాబు రాయిస్తే, రేపు 389, 412 దగ్గర మళ్లీ అదే తప్పు చేస్తారు. అంకె ఉన్న చోటును బట్టి దాని విలువ మారుతుందన్న సంగతి వాళ్లకు ఇంకా అందలేదన్నమాట. అందుకే పలక కన్నా ముందు పుల్లలు కావాలి.

చీపురు పుల్లల్ని ఒకే పొడవున విరవండి. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేయాలి. అలాంటి పది కట్టల్ని కలిపి కడితే వంద. ఈ కట్టే పని పిల్లలతోనే చేయించండి. ఎంత ఆలస్యమైనా సరే, పది లెక్కపెట్టి ముడి వేసిన చేతికి పది అంటే ఏమిటో గుర్తుంటుంది. ఇప్పుడు ఒక పక్క 98, ఇంకో పక్క 102 పెట్టమనండి. అటు తొమ్మిది చిన్న కట్టలు, ఎనిమిది విడి పుల్లలు. ఇటు ఒక పెద్ద కట్ట, రెండే విడి పుల్లలు. ఏది ఎక్కువో మీరు చెప్పొద్దు. అనుమానం ఉంటే పెద్ద కట్ట విప్పి చూసుకోనివ్వండి.

తర్వాత నేల మీద సుద్దముక్కతో మూడు గళ్లు గీసి వందలు, పదులు, ఒకట్లు అని రాయండి. ఏ కట్టలు ఏ గడిలోకి వెళ్తాయో పెట్టించి, కింద అంకె రాయించండి. సున్నా దగ్గర మాత్రం తొందరపడకండి. నూట ఐదు రాయమంటే 1005 అని రాసే పిల్లలు ఉంటారు. నూరు రాసి, పక్కన ఐదు రాశారు. విన్నది విన్నట్టే రాశారు, అంతే. అదే 105ను గళ్లలో పెట్టిస్తే పదుల గడిలో ఒక్క కట్టా ఉండదు. ఆ ఖాళీని చూపడానికే సున్నా రాస్తామని అక్కడే చెప్పండి.

ఇక పోల్చడం. ముందు ఎన్ని అంకెలున్నాయో చూడాలి. 990 కన్నా 1,009 పెద్దది, ఎందుకంటే మొదటిదానికి వేల స్థానమే లేదు. (098 అని ముందు సున్నా పెడితే అది మూడంకెల సంఖ్య అయిపోదు.) అంకెల లెక్క సమానంగా ఉంటే ఎడమ వైపు నుంచి రావాలి. 4,056, 4,506 తీసుకోండి. వేలలో రెండింటికీ 4 ఉంది, తేలలేదు. వందలలో ఒకదానికి 0, ఇంకోదానికి 5. తేలిపోయింది, 4,506 పెద్దది. ఇక్కడ ఆగాలి. చాలామంది ఆగరు. చివరి అంకెలు రెండూ 6 కదా అని తికమక పడతారు. తేలిన చోటు నుంచి మిగతా అంకెల్ని అరచేత్తో మూసేయమనండి.

ప్రతి జవాబు తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: “ఏ స్థానం దగ్గర తేలింది?” నా దృష్టిలో ఈ పాఠానికి ప్రాణం ఇదే. జవాబు ఊహించి కూడా చెప్పొచ్చు, కానీ “వందల దగ్గర తేలింది” అని ఊహించి చెప్పడం కష్టం. >, < గుర్తులు ఇదంతా వచ్చాకే నేర్పండి. నోరు పెద్ద సంఖ్య వైపు తెరుచుకుని ఉంటుందని చెబితే చాలు.

మన దగ్గర వానాకాలంలో అభ్యాసానికి సంఖ్యలు వెతుక్కోవాల్సిన పనే లేదు. జూరాల, శ్రీశైలం, సాగర్ జలాశయాల నీటి లెక్కలు రోజూ పేపర్లో వస్తాయి. సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. 587, 590లో ఏది ఎక్కువ? వందల్లో తేలలేదు, పదుల్లో తేలింది. చుక్క తర్వాతి అంకెల్ని చిన్నపిల్లలకు వదిలేయండి. నాలుగు, ఐదు తరగతుల వాళ్లకైతే 98,560 క్యూసెక్కులు, 1,02,340 క్యూసెక్కులు లాంటి ఇన్‌ఫ్లోలు (జలాశయంలోకి సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు వస్తున్నాయన్న లెక్క) ఇవ్వొచ్చు.

చురుకైన పిల్లలు ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేస్తారు. శ్రీశైలం మట్టం 885 అడుగులు కదా, అయితే సాగర్ కన్నా అందులోనే నీళ్లెక్కువా? కాదు. అది సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు. నీళ్లు టీఎంసీల్లో (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) చూడాలి: నిండితే సాగర్ సుమారు 312, శ్రీశైలం సుమారు 215. అడుగుల్ని అడుగులతోనే, టీఎంసీల్ని టీఎంసీలతోనే పోల్చాలని అప్పుడే చెప్పేయండి.

చివరగా ఒక ఆట. 0 నుంచి 9 దాకా చీటీలు రాసి డబ్బాలో వేయండి. ఇద్దరు పిల్లలు మూడేసి గళ్లు గీసుకుని, వంతులవారీగా ఒక్కో చీటీ తీసి ఆ అంకెను ఏదో ఒక గడిలో రాయాలి. రాశాక మార్చకూడదు. తీసిన చీటీ మళ్లీ డబ్బాలో వేయాలి. పెద్ద సంఖ్య వచ్చినవాళ్లు గెలిచినట్టు, కానీ ఏ స్థానం దగ్గర గెలిచారో చెబితేనే పాయింటు. 9 రాగానే వందల గడి వైపు చెయ్యి వెళ్తోందా, 1 వస్తే ఒకట్లలోకి నెట్టేస్తున్నారా అన్నది గమనించండి. అలా జరుగుతుంటే నాలుగో గడి గీయొచ్చు. లేదంటే ఇంకొన్నాళ్లు పుల్లల కట్టలు పక్కనే ఉంచండి.