పాత సిస్టమ్‌కి బయోస్ అప్‌డేట్ చెయ్యాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి?

పాత డెస్క్‌టాప్ కాస్త మొరాయించగానే ఒకరు "బయోస్ అప్‌డేట్ కొట్టి చూడు" అంటారు. ఇంకొకరు "దాని జోలికెళ్లకు, బోర్డు పోతుంది" అంటారు. ఇద్దరి మాటలోనూ ఎంతో కొంత నిజముంది. ఇద్దరూ అడగనిది ఒక్కటే: అసలు ఏ పని కోసం? దానికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలిగితే ముందుకెళ్లొచ్చు. "కొత్త వెర్షన్ వచ్చింది కదా" అన్నది జవాబు కాదు.

బయోస్ అంటే మదర్‌బోర్డు మీద వేలిగోరంత చిప్పులో ఉండే ప్రోగ్రామ్. ఆ చిప్పు సైజు సాధారణంగా 8, 16 లేదా 32 మెగాబైట్లు. స్విచ్ వెయ్యగానే ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ డిస్కునీ లేపి, పగ్గాలు విండోస్‌కో లినక్స్‌కో అప్పగించేది ఇదే. పదేళ్లుగా వస్తున్న బోర్డుల్లో దీని అసలు పేరు యూఈఎఫ్ఐ అయినా, జనం నోట్లో బయోస్‌గానే ఉండిపోయింది. విండోస్ పాడైతే మళ్లీ ఎక్కించుకుంటాం. ఇది సగంలో ఆగిపోతే మాత్రం మళ్లీ ఎక్కించడానికి స్క్రీన్ మీద ఏమీ రాదు. జాగ్రత్త అంతా అందుకే.

1. ముందు సెల్ సంగతి చూడండి

బయోస్ అప్‌డేట్ కావాలని వచ్చే పాత సిస్టమ్‌లలో చాలావాటికి కావలసింది గుండ్రటి సెల్. ఆన్ చెయ్యగానే తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది. నల్లటి స్క్రీన్ మీద "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ప్రెస్ ఎఫ్1" అని వస్తుంది. తేదీ తప్పు కాబట్టి క్రోమ్ సగం సైట్లు తెరవనివ్వదు. చూసేవాళ్లకి పెద్ద జబ్బులాగే కనిపిస్తుంది. బోర్డు మీద రూపాయి బిళ్లలా మెరిసే సీఆర్2032 సెల్ అయిపోయిందంతే. ప్లగ్ పీకేసి, సెల్ పక్కనున్న చిన్న క్లిప్పుని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే అదే పైకి లేస్తుంది. మీటర్ ఉంటే పెట్టి చూడండి: కొత్త సెల్ 3 వోల్టుల పైన చూపిస్తుంది, బాగా తగ్గితే మార్చెయ్యాలి. యాభై రూపాయలు కూడా అవ్వదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

సెల్ తీస్తే బయోస్ సెట్టింగులు మొదటికొచ్చే అవకాశం ఉంది కాబట్టి, తియ్యకముందే ఒక్కో పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఈ ఫొటోలు తర్వాత కూడా పనికొస్తాయి.

సిస్టమ్ నెమ్మదిగా ఉందా? బయోస్ మార్చినంత మాత్రాన వేగం రాదు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. ఆన్ అయినప్పుడు బీప్‌లు కొట్టి ఆగిపోతోందా? ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లని రబ్బరుతో తుడిచి పెట్టి చూడండి. ఆడుతూ ఆడుతూ ఆగిపోతుంటే ప్రాసెసర్ ఫ్యాన్‌లో దుమ్మో, ప్రాసెసర్ వేడిని లాగే పేస్టు ఎండిపోవడమో, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ సరిగ్గా పనిచెయ్యకపోవడమో అయ్యుంటుంది. ఇలా నడుస్తూ ఆగిపోయే సిస్టమ్‌లో బయోస్ అప్‌డేట్ మొదలుపెట్టడమంత తెలివితక్కువ పని లేదు. అప్‌డేట్ మధ్యలో కూడా ఆగిపోగలదు కదా.

2. మీ బోర్డు ఏదో కచ్చితంగా తెలుసుకోండి

స్టార్ట్ మెనూలో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని వెతికి తెరిస్తే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్, బయోస్ వెర్షన్, దాని తేదీ కనిపిస్తాయి. అదే పేజీలో "బయోస్ మోడ్" ఎదురుగా లెగసీ (పాత పద్ధతి) అని ఉందా, యూఈఎఫ్ఐ అని ఉందా అన్నదీ రాసుకోండి. లినక్స్‌లో అయితే డీఎంఐడీకోడ్ అనే కమాండ్ చెబుతుంది.

అంతటితో ఆగకండి. క్యాబినెట్ తెరిచి, ఫోన్ టార్చి వేసి బోర్డు మీద అచ్చు చదవండి. మోడల్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కొన్ని కంపెనీల బోర్డుల మీద మూల ఎక్కడో చిన్నగా "రెవ్ 1.0", "రెవ్ 2.0" అని కూడా ఉంటుంది. మోడల్ ఒకటే అయినా రివిజన్ మారితే బయోస్ ఫైలు కూడా మారొచ్చు. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి బ్రాండెడ్ సిస్టమ్ అయితే పని తేలిక: వెనకో పక్కనో ఉన్న సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొడితే సరైన పేజీ వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆఫీసు డెస్క్‌టాప్‌లకీ ఇదే దారి.

పేరు తెలియని చౌక హెచ్61 (పాత ఇంటెల్ చిప్‌సెట్) బోర్డు అయి, కంపెనీ సైట్‌లో దానికి పేజీయే లేకపోతే నిర్ణయం అయిపోయినట్టే: అప్‌డేట్ లేదు. అదే మోడల్ పేరుతో వేరే సైట్లలో దొరికే ఫైళ్లనీ, "డ్రైవర్ అప్‌డేటర్" సాఫ్ట్‌వేర్లనీ నమ్మొద్దు.

3. విడుదల పట్టిక చదవండి

నిర్ణయం తేలేది ఇక్కడే, జనం దాటేసేదీ దీన్నే. సపోర్ట్ పేజీలో ఒక్కో బయోస్ వెర్షన్ పక్కన ఏం మారిందో రెండు మూడు లైన్లుంటాయి. మీ దగ్గరున్న వెర్షన్ నుంచి పైకి ఒక్కోటీ చదవండి.

"ఇంప్రూవ్ సిస్టమ్ స్టెబిలిటీ" అని మాత్రమే ఉంటే ఏమీ చెప్పనట్టే. మీ సిస్టమ్ ఇప్పటికే నిలకడగా నడుస్తుంటే దానివల్ల మీకొచ్చేది కనిపించదు. "ఇంప్రూవ్ మెమరీ కంపాటిబిలిటీ" అంటే కొత్తగా కొన్న ర్యామ్‌ని బోర్డు గుర్తించనివాళ్లకి పనికొస్తుంది. "సపోర్ట్ న్యూ సీపీయూ" అంటే ప్రాసెసర్ మార్చబోయేవాళ్లకి. "అప్‌డేట్ ఏజెసా" అన్నది ఏఎండీ బోర్డుల్లో కనిపిస్తుంది. ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ మొదట సిద్ధం చేసే భాగాన్ని ఏఎండీయే రాసి బోర్డు కంపెనీలకి ఇస్తుంది, దాని పేరే ఏజెసా. ఒక్కోసారి అందులో నిజమైన మందు ఉంటుంది. విండోస్ 11 వేసిన కొన్ని రైజన్ (ఏఎండీ ప్రాసెసర్) సిస్టమ్‌లు ఉన్నట్టుండి క్షణంపాటు బిగుసుకుపోయేవి, కారణం ఎఫ్‌టీపీఎం అనే భద్రతా భాగం. ఏఎండీ దాన్ని 2022 మార్చిలో ఒప్పుకుంది, పరిష్కారం బయోస్ అప్‌డేట్‌గానే ఇచ్చింది. మీ సిస్టమ్‌లో సరిగ్గా ఆ బాధే ఉంటే అప్‌డేట్ చెయ్యడానికి అంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

"అప్‌డేట్ మైక్రోకోడ్", "సెక్యూరిటీ" అని ఉన్నవి ఇంకో రకం. మైక్రోకోడ్ అంటే ప్రాసెసర్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్. 2018 జనవరిలో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతా లోపాలు బయటపడ్డప్పుడు పాత సిస్టమ్‌లవాళ్లంతా బయోస్‌ల కోసం పరిగెత్తారు. ఇంటెల్ హడావిడిగా ఇచ్చిన మొదటి మైక్రోకోడ్‌తో 4, 5 తరాల ప్రాసెసర్లు కొన్ని వాటంతటవే రీస్టార్ట్ అయ్యాయి. అదే నెలలో ఇంటెల్ స్వయంగా దాన్ని వెయ్యడం ఆపమంది. కాబట్టి బయోస్ విడుదలైన రోజే ఎగబడక్కర్లేదు, కొన్ని వారాలు ఆగండి. పట్టికలో బీటా అని ఉన్నది అసలే వద్దు. ఇంకో ఊరట ఏమిటంటే, మైక్రోకోడ్‌ని విండోస్, లినక్స్ కూడా బూట్ అయ్యేటప్పుడు ఎక్కించగలవు. కంపెనీ వదిలేసిన పాత బోర్డుకి కూడా రక్షణ కొంతవరకు ఆ దారిలో వస్తుంది.

4. చెయ్యాల్సిన కారణాలు, చెయ్యాలనిపించే కారణాలు

ప్రాసెసర్ మార్చడం అన్నిటికన్నా గట్టి కారణం. 2017లో వచ్చిన ఏఎండీ ఏ320, బీ350 బోర్డులు కూడా చాలావరకు 2022 తర్వాతి బయోస్‌లతో రైజన్ 5000 ప్రాసెసర్లని నడుపుతున్నాయి. రైజన్ 1200 ఉన్న సిస్టమ్‌లో రైజన్ 5600 పెట్టడమంటే బోర్డు, ర్యామ్ మార్చకుండా కొత్త సిస్టమ్ కొన్నట్టే. మెలిక ఎక్కడంటే, అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చెయ్యాలి. కొత్తది పెట్టాక చేద్దామంటే స్క్రీనే రాదు. పైగా 16 మెగాబైట్ల చిప్పులో అన్ని తరాలకీ చోటు చాలక, కొన్ని బోర్డుల్లో కొత్త ప్రాసెసర్లని చేర్చడానికి పాతవాటిని తీసేశారు. అందుకే "ఫలానా పాత ప్రాసెసర్ వాడేవాళ్లు ఈ బయోస్ వెయ్యొద్దు" అన్న గమనిక ఉందేమో చూడండి. ఉంటే, కొత్త ప్రాసెసర్ చేతికొచ్చేదాకా బయోస్ ముట్టుకోవద్దు.

ఇంటెల్‌లో ఇంత ఉదారత లేదు. హెచ్61 బోర్డులో 3వ తరం ఐ5 పెట్టాలన్నా, 6వ తరంతో వచ్చిన హెచ్110లో 7వ తరం పెట్టాలన్నా చాలా బోర్డులకి బయోస్ కొత్తదై ఉండాలి. కానీ హెచ్110 సాకెట్‌లో 8వ తరం చక్కగా కూర్చున్నా నడవదు, ఏ అధికారిక బయోసూ నడిపించదు. పాత ప్రాసెసర్ కొనేముందు బోర్డు పేజీలో సీపీయూ జాబితా చూడకుండా డబ్బులివ్వకండి.

విండోస్ 11 కోసం బయోస్ మార్చాలనుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువ, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి. 8వ తరం ఇంటెల్ నుంచి చాలా బోర్డుల్లో విండోస్ 11 అడిగే టీపీఎం (భద్రతా భాగం) ఇప్పటికే ఉంటుంది, ఆఫ్‌లో ఉంటుందంతే. బయోస్‌లోకెళ్లి పీటీటీ (ఏఎండీలో ఎఫ్‌టీపీఎం) ఆన్ చెయ్యడమే పని. 6, 7 తరాలవి, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, మైక్రోసాఫ్ట్ జాబితాలోనే లేవు. రైజన్ 3 2200జీ కూడా లేదు. బయోస్ ఎంత కొత్తదైనా ఆ జాబితా మారదు.

ఇంకొకటి సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే ఏర్పాటు. దాని వెనకున్న మైక్రోసాఫ్ట్ 2011 సర్టిఫికెట్ల గడువు తీరడం 2026 జూన్‌తో మొదలు. సిస్టమ్ ఆ రోజున ఆగిపోదు, కానీ బూట్ భాగాలకి కొత్త రక్షణ అందదు. బదులుగా వచ్చే 2023 సర్టిఫికెట్లు విండోస్ అప్‌డేట్ ద్వారానే ఎక్కుతాయి. కొన్ని పాత మెషీన్లలో మాత్రం అందుకు ముందుగా కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ (అంటే బయోస్) అప్‌డేట్ కావాలి. బ్యాంకు పనులు చేసుకునే సిస్టమ్ అయితే ఇది పట్టించుకోదగ్గదే.

ఇక ఎవరు చెయ్యకూడదు? డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం విండోస్ 7తో కాపాడుకొస్తున్న మెషీన్లున్నాయి. అవి లెగసీ మోడ్‌లో నడుస్తుంటాయి. బయోస్ అప్‌డేట్‌తో సెట్టింగులు మొదటికొచ్చి, లెగసీ మోడ్‌ని నడిపించే సీఎస్ఎం ఆఫ్ అయితే ఆ డిస్క్ బూట్ అవ్వదు. పెళ్లిపత్రికల సీజన్‌లో అది తెచ్చుకోవడం కోతి పుండు బ్రహ్మరాక్షసి చేసుకోవడమే. దాన్ని నెట్‌కి దూరంగా ఉంచి, డిస్క్ బ్యాకప్ తీసి పెట్టుకుంటే చాలు.

5. చేద్దామనే తేలితే

ముందు కరెంటు సంగతి. యూపీఎస్ ఉందని ధీమా పడకండి, బ్యాటరీ ముసలిదైతే అది అలంకారమే. సిస్టమ్‌లో వీడియో నడుస్తుండగా గోడ దగ్గర యూపీఎస్ స్విచ్ ఆపి పది నిమిషాలు చూడండి. ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు కరెంటు పోయిన ఆ క్షణంలో సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందేమో గమనించండి. గాలివాన సాయంత్రాలు ఈ పనికి ముహూర్తం కాదు.

ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే తాత్కాలికంగా సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. లేకపోతే అప్‌డేట్ అయ్యాక మీ డిస్కే మిమ్మల్ని ఎవరని అడుగుతుంది. సెట్టింగుల ఫొటోలు ఇందాకే తీశారు కదా, సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) దగ్గర ఏహెచ్‌సీఐ ఉందా, రెయిడ్ ఉందా అన్నది అందులో స్పష్టంగా పడిందేమో చూసుకోండి. తర్వాత అది మారిపోతే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, జిప్ విప్పిన బయోస్ ఫైలు అందులో పెట్టండి. మరీ పాత వెర్షన్ నుంచి దూకేటప్పుడు మధ్యలో ఒక వెర్షన్ తప్పనిసరి అని పేజీలో రాసి ఉంటే ఆ వరుసే పాటించండి. వెనక్కి రావడం అన్ని బోర్డుల్లో కుదరదు. సొంతంగా అసెంబుల్ చేసిన సిస్టమ్‌లో విండోస్ లోంచి నడిపే టూల్ కంటే బయోస్‌లోనే ఉండే టూల్ మేలు. కంపెనీని బట్టి ఈజడ్ ఫ్లాష్, క్యూ ఫ్లాష్, ఎం ఫ్లాష్ అని ఉంటుంది. ఫైలు ఎంచుకున్నాక తెర మీద చూపించే మోడల్ పేరు మీదేనా అని ఆఖరిసారి చూసి ఓకే నొక్కండి.

ఇక చేతులు కట్టుకోవడమే. గీత 100 శాతం చేరాక తెర నల్లబడుతుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి, సిస్టమ్ దానంతటదే రెండు మూడుసార్లు ఆగి లేవొచ్చు. ర్యామ్‌ని కొత్తగా అంచనా వేసుకుంటూ కొన్ని నిమిషాలు ఏమీ చూపించకపోవచ్చు. ఆగిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కిపట్టేవాళ్లు బోర్డుని పోగొట్టుకునేది ఇక్కడే.

తెర వచ్చాక డిఫాల్ట్స్ లోడ్ చేసి, ఫొటోలు చూస్తూ సాటా మోడ్, బూట్ వరుస, సీఎస్ఎం, ఎక్స్ఎంపీ (ర్యామ్ వేగం), వర్చువలైజేషన్ మునుపటిలా పెట్టండి. విండోస్ వచ్చాక తేదీ సరిచూసి, బిట్‌లాకర్‌ని మళ్లీ ఆన్ చెయ్యండి.

6. ఒకవేళ లేవకపోతే

అరగంట ఆగినా ఏమీ రాకపోతే ప్లగ్ పీకి, సెల్ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టి చూడండి. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో తెర లేకుండానే మళ్లీ రాయొచ్చు. రెండో బయోస్ చిప్పున్న బోర్డులు కొన్ని వాటంతటవే కోలుకుంటాయి. ఇవేవీ లేకపోయినా బోర్డు పారెయ్యాల్సిన పనిలేదు. చిప్ లెవల్ రిపేర్ చేసేవాళ్లు ప్రోగ్రామర్ అనే పరికరానికి ఎనిమిది కాళ్ల చిప్పుని పట్టే క్లిప్పు తగిలించి బయోస్‌ని నేరుగా అందులోకి రాస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడగొచ్చు, జిల్లా కేంద్రాల్లో ల్యాప్‌టాప్ బోర్డులు బాగుచేసే దుకాణాల్లోనూ ఈ పరికరం ఉంటుంది. బోర్డుతోపాటు కంపెనీ సైట్ నుంచి దింపిన అసలు ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. పాత ఫైలు ఎక్కించమనాలా, కొత్తదా అన్నది బోర్డులో ఇప్పుడున్న ప్రాసెసర్‌ని బట్టి చెప్పండి.