సంఘంలోకి కుర్రకారు – 3వ పాఠం: పని చెప్పి అడగండి

మీ సంఘంలో చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాయమని పోయిన పాఠంలో అన్నాను కదా, అది ముందు పెట్టుకోండి. ఉదాహరణకి రక్తదాతల సంఘాన్ని తీసుకుందాం. మన ఊళ్లలో చాలాచోట్ల ఉన్నవే, పైగా కుర్రవాళ్లు లేకపోతే ఒక్కరోజు కూడా నడవని సంఘాలు.

ఎందుకంటే రక్తాన్ని కొని నిల్వ పెట్టుకోలేం. ఎర్రకణాలు ఎక్కువలో ఎక్కువ 42 రోజులు ఉంటాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్న పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మే నెలలో కాలేజీలు ఉండవు, శిబిరాలు తగ్గిపోతాయి, ఆ పిల్లల అవసరం మాత్రం తగ్గదు. వెనకాలే వానలు, డెంగీ, ప్లేట్‌లెట్ల కోసం పరుగులు. ఏడాదికో పెద్ద శిబిరం పెట్టి పేపర్లో ఫొటో వేయించుకుంటే సరిపోదండీ, ఏడాది పొడవునా మనుషులు కావాలి.

మరి మనం ఎలా అడుగుతున్నాం? "యువత సేవకు ముందుకు రావాలి" అని ఫ్లెక్సీ కడతాం. అది చదివిన కుర్రాడికి రేపు పొద్దున ఎక్కడికి రావాలో, వచ్చి ఏం చేయాలో తెలియదు. ఈ కాలం పిల్లలకి బాధ్యత లేదనే మాట నేనస్సలు ఒప్పుకోను. వాళ్లని ఎదురుగా నిలబడి, పని చెప్పి అడిగినవాళ్లే తక్కువ.

ఇలా అడిగి చూడండి: "తమ్ముడూ, రక్తం కావాలని వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తుంటాయి చూశావా, వాటిలో చాలావాటికి తేదీ ఉండదు, పేషెంట్ ఇంటికెళ్లిపోయాక కూడా తిరుగుతూనే ఉంటాయి. ఈ పదిహేను రోజులు సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా, మన గ్రూపులో పడిన నంబర్లకి ఫోన్ చేసి, ఇంకా అవసరం ఉందా, ఏ ఆసుపత్రి, ఏ బ్లడ్ గ్రూపు, ఎన్ని యూనిట్లు అని కనుక్కుని రాసిపెట్టాలి. చేస్తావా?"

ఇందులో పని ఉంది, వేళ ఉంది, ఎప్పటికి అయిపోతుందో కూడా ఉంది. ఆ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే గడువు లేని పనంటే పిల్లలకన్నా ముందు వాళ్ల అమ్మానాన్నలకి టెన్షన్, ఇందులో పడి చదువు పాడుచేసుకుంటాడేమోనని. పదిహేను రోజులన్నాక పదహారో రోజు మీరుగా ఫోన్ చేయకండి. ఉండాలనుకున్నవాడు తనే అడుగుతాడు.

ఇంకో సంగతి, మనం మనుషుల్ని పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఎంతో ధైర్యం చేసుకుని, హాస్టల్ నుంచి ఫ్రెండ్‌ని తోడు తెచ్చుకుని వచ్చిన అమ్మాయికి వేలిమీద సూది గుచ్చి చూసి "నీకు రక్తం తక్కువమ్మా, వెళ్లిపో" అంటే ఆ పిల్ల మళ్లీ ఆ గుమ్మం తొక్కుతుందా? ముందు కూర్చోబెట్టి, డాక్టరుకి చూపించుకోమని నెమ్మదిగా చెప్పండి. తర్వాత, ఉండాలని ఉందంటే, ఆమె చేయగలిగిన పని చేతికివ్వండి: రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఫారాలు నింపించడం, రక్తం ఇచ్చినవాళ్లకి జ్యూస్ ఇచ్చి, కళ్లు తిరుగుతున్నాయేమో కాసేపు కనిపెట్టుకుని ఉండడం. ఇచ్చినవాళ్ల సంగతీ అంతే, మగవాళ్లు మళ్లీ ఇవ్వడానికి మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి, ఈలోగా మనం పలకరించకపోతే వాళ్లూ మరిచిపోతారు.

కాలేజీకి వెళ్తే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని కలవండి. 1969లో మొదలైన ఈ పథకంలో ఒక్కో విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. మీ దగ్గర చేసిన గంటలు అందులో లెక్కకి వస్తాయా అని ముందే అడిగి తేల్చుకోండి. సర్టిఫికెట్ కోసం వచ్చారని చిన్నచూపు వద్దు, దేనికోసం వచ్చినా ఆ ఫోన్ చేసేది వాళ్లే కదా.

ఈ వారం అభ్యాసం: మీ కాగితంలోంచి మూడు పనులు తీసుకుని, ఒక్కోదాన్నీ పైన చెప్పినట్టు నోటితో అడిగే మాటగా రాయండి. ఆ మూడింటిలో ఒకటి, గ్రూపులో పెట్టకుండా, మీకు తెలిసిన ఒక్క కుర్రాడినో అమ్మాయినో ఎదురుగా అడగండి. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, వాళ్లు మిమ్మల్ని తిరిగి అడిగిన మొదటి ప్రశ్న రాసిపెట్టుకోండి, వచ్చే పాఠం దానితోనే మొదలుపెడదాం.